గుంటూరు, విజయవాడ వైపు నుంచి హైదరాబాద్ మారాలా వద్దా: ఆఫర్‌కి ఊఁ అనేముందు వేసుకోవాల్సిన లెక్కలు

మా బాబాయి కొడుక్కి మొన్న హైదరాబాద్ నుంచి ఉద్యోగం ఆఫర్ వచ్చింది. వాడు విజయవాడ ఆటోనగర్‌లో అకౌంట్స్ చూస్తాడు, పటమటలో అద్దె ఇల్లు, పాపకి ఆరేళ్లు, బాబాయి పిన్ని గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు, ఇంట్లో తలా ఒక మాట చెప్పి వాడి బుర్ర తినేశారు. నేను 2015 నుంచి ఏడేళ్లు హైదరాబాద్‌లో ఉండి మళ్లీ గుంటూరు వచ్చేసినదాన్ని కదా, అందుకని రాత్రి పదిన్నరకి ఫోన్ చేసి "అక్కా, వెళ్లాలా వద్దా ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు. ఒక్క ముక్కలో తేలేది కాదురా, ఆదివారం ఇంటికి రా, ఆఫర్ లెటర్ తెచ్చుకో, మరదల్ని కూడా తీసుకురా అన్నాను. ఆ రోజు మేం కూర్చుని వేసిన లెక్కలే ఇక్కడ రాస్తున్నా, మీ అంకెలు వేరే ఉంటాయి కానీ వేసే పద్ధతి ఇదే.

ముందు ఆఫర్ లెటర్. 9 లక్షల ప్యాకేజీ అంటే నెలకి 75 వేలు అని వాడు అప్పటికే ఖర్చు పెట్టేసుకుంటున్నాడు మనసులో. లెటర్ చదివితే అందులో 90 వేలు వేరియబుల్, అది ఏడాది చివర ఇస్తే ఇస్తారు, కంపెనీ కట్టే పీఎఫ్ కూడా ఆ 9 లక్షల్లోనే, గ్రాట్యుటీ అందులోనే, మళ్లీ వీడి వాటా పీఎఫ్ కట్ అవుతుంది, అన్నీ పోను చేతికొచ్చేది 58 వేలు. ఇక్కడ చేతికొచ్చేది 32 వేలు. అయినా 26 వేలు ఎక్కువే కదా అనిపిస్తుంది. అక్కడే ఆగకండి, రెండు ఊళ్ల ఖర్చులూ పక్కపక్కన రాయండి.

ఇక్కడ అద్దె 8 వేలు, స్కూలు మూడున్నర వేలు, ఇంటి సరుకులు 8 వేలు (బియ్యం, కారం, పచ్చళ్లు పిన్ని పంపిస్తుంది కాబట్టి), పెట్రోలు 2 వేలు, కరెంటు ఫోన్లు అన్నీ కలిపి రెండున్నర వేలు, మొత్తం 24 వేలు, నెల తిరిగేసరికి 8 వేలు మిగులుతున్నాయి. అక్కడ కేపీహెచ్‌బీ వైపు వాడు చూసిన డబుల్ బెడ్రూం మెయింటెనెన్స్‌తో కలిపి 22,500, స్కూలు 6 వేలు, సరుకులు పాలు కూరలు 12 వేలు, తిరగడానికి 4 వేలు, బిల్లులు 3 వేలు, బాబాయి వాళ్లకి పంపేది 5 వేలు, ముగ్గురూ ఊరికి వచ్చిపోయే ఖర్చు నెలకి సగటున 4 వేలు. కూడితే 56,500. మిగిలేది 1,500! జీతం దాదాపు రెట్టింపు అయ్యి మిగులు అడుగంటింది, వాడు మూడుసార్లు కూడి చూసుకున్నాడు.

మరి వెళ్లొద్దా అంటే, అసలు విషయం అక్కడే ఉంది. మరదలు బీటెక్ చదివి ఇంట్లో ఉంటోంది, విజయవాడలో రెండేళ్లు వెతికితే నెలకి పదివేలు ఇచ్చే ఉద్యోగాలే దొరికాయి. హైదరాబాద్‌లో ఆ అమ్మాయికి పాతికవేలతో మొదలైనా ఇంటి లెక్క మొత్తం తిరగబడుతుంది, పాపని స్కూలు తర్వాత చూసుకునే చోటుకి ఒక ఏడెనిమిది వేలు తీసేసినా సరే. నా అనుభవంలో పెద్ద ఊరి అసలు లాభం మొదటి జీతంలో ఉండదు, ఇంట్లో రెండో మనిషికి దొరికే పనిలోనూ, ఉన్న ఉద్యోగం పోతే ఇల్లు మారకుండా దొరికే ఇంకో ఉద్యోగంలోనూ ఉంటుంది. నా కంపెనీ 2017లో మా టీమ్‌ని తీసేస్తే నలభై రోజుల్లో వేరేచోట చేరాను, అదే గుంటూరులో అయితే ఎన్ని నెలలు పట్టేదో. అందుకని వెళ్లేది ఒక్క జీతం మీదా రెండు జీతాల మీదా అన్నది మొగుడూ పెళ్లాం కూర్చుని ముందే తేల్చుకోండి, "అక్కడికి వెళ్లాక చూద్దాంలే" అని మాత్రం అనుకోవద్దు.

తర్వాత రోజులో గంటలు. నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. మన వైపు వాళ్లు ఎక్కువ ఉంటారు, విజయవాడ బస్సు ఎక్కడం తేలిక అని వనస్థలిపురంలో ఇల్లు తీసుకున్నా, ఆఫీసు గచ్చిబౌలి. పోను రెండు గంటలు రాను రెండు గంటలు. నెలకి రెండుసార్లు ఎక్కే బస్సు కోసం రోజూ నాలుగు గంటలు పోగొట్టుకున్నా. 2018లో ఎల్బీనగర్ మెట్రో, 2019లో హైటెక్ సిటీ దాకా మెట్రో వచ్చాక కాస్త ఊపిరి పీల్చుకున్నా. ఇప్పుడు కూడా మెట్రో రాయదుర్గం దగ్గర ఆగిపోతుంది, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా పోదు, అక్కడినుంచి మళ్లీ బస్సో ఆటోనో. కాబట్టి ఇల్లు ఆఫీసుకి దగ్గరగా చూడండి, లేదా మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో చూడండి, చుట్టాల ఇంటి పక్కన అని చూడొద్దు.

ఇది తెలియాలంటే వెళ్లి ఉండి రావాలి. దసరా సెలవలకి పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లి నాలుగు రోజులు తిరిగొచ్చి హైదరాబాద్ చూశాం అనుకోకండి, అప్పుడు సగం ఊరు ఖాళీగా ఉంటుంది. మామూలు వారంలో, వీలైతే వానాకాలంలో, ఒక పది రోజులు సెలవు పెట్టి అమీర్‌పేటలోనో ఎస్సార్ నగర్‌లోనో హాస్టల్‌లో దిగి, పొద్దున ఎనిమిదిన్నరకి బయల్దేరి ఆ ఆఫీసు గేటు దాకా వెళ్లండి, సాయంత్రం ఆరున్నరకి తిరిగి రండి, ఎన్ని నిమిషాలు పట్టిందో రోజూ రాసుకోండి. మిగతా టైంలో టు-లెట్ బోర్డులు చూసుకుంటూ ఇళ్లు అడగండి. ఎండాకాలం బోరు ఎండిపోతుందా, ట్యాంకర్ డబ్బులు ఎవరు కట్టాలి అని ఓనర్ని కాదు, పక్క ఫ్లాట్ వాళ్లని అడగండి. అడ్వాన్స్‌లో పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో కాగితం మీద రాయించుకోండి, నాకు ఒక ఓనర్ రెండు నెలల అద్దె అడ్వాన్స్‌లో ఒక నెలది మొత్తం పెయింటింగ్ అని ఉంచేసుకున్నాడు.

పిల్లలున్న వాళ్లు ఒక విషయం చాలామంది మర్చిపోతున్నారు. ఇప్పుడు రెండూ వేరు వేరు రాష్ట్రాలు, ఉమ్మడి రాజధాని గడువు కూడా 2024 జూన్ 2తో అయిపోయింది. ఇంజనీరింగ్ లాంటి సీట్లకి లోకల్ అంటే మామూలుగా 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వరసగా 4 ఏళ్లు చదివిన చోటు. పాపకి ఆరేళ్లే కాబట్టి మావాడికి తొందరేం లేదు, కానీ కొన్నాళ్లు ఉండి వచ్చేద్దాం అనుకుంటే పాప తొమ్మిదిలోకి రాకముందే రావాలి, అక్కడే స్థిరపడదాం అనుకుంటే తొమ్మిది నుంచి అక్కడే ఉంచాలి. పదో తరగతి మధ్యలో ఇటూ అటూ మార్చడం మాత్రం వద్దు.

ఇక అమ్మానాన్నలు. దీనికి కూడికలు తీసివేతలు ఉండవు. నేను అక్కడ ఉండగా ఒక రాత్రి నాన్నకి గుండెల్లో నొప్పి వచ్చింది, ఎదురింటి వాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లారు, నేను దొరికిన బస్సెక్కి వచ్చేసరికి ఏడు గంటలు పట్టింది, ఆ ఏడు గంటలు నాకు ఇప్పటికీ గుర్తే. విజయవాడ హైదరాబాద్ 275 కిలోమీటర్లు, కారున్నా ఐదు గంటలు. కాబట్టి వెళ్లేముందే రాత్రిపూట పిలిస్తే వచ్చే మనుషులు ఇద్దరిని అడిగి పెట్టుకోండి, వాళ్ల నంబర్లు అమ్మ ఫోన్‌లో మొదట ఉండేలా చేయండి, మందుల చీటీలు, రిపోర్టులు ఫోటో తీసి మీ దగ్గర ఉంచుకోండి, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో (మంగళగిరి ఎయిమ్సా, గుంటూరు పెద్దాసుపత్రా, ప్రైవేటా) ఇప్పుడే అనుకోండి. ఇవేవీ కుదరకపోతే, అమ్మానాన్నల్లో ఒకరికి ఒంట్లో బాగోకపోతే, నేనైతే ఆగమనే చెప్తా.

ఇక్కడ అంతా బాగుందని కూడా అనను. మే నెలలో విజయవాడ ఉక్కపోత తెలిసిందే, హైదరాబాద్‌లో రాత్రిళ్లు కాస్త నయం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఎలా మునిగిందో చూశాం. అమరావతి వస్తుంది ఉద్యోగాలొస్తాయి అని 2015లో శంకుస్థాపన అప్పటినుంచి వింటున్నాం, 2025 మేలో మళ్లీ పనులు మొదలయ్యాయి, రావాలనే నాకూ ఉంది, కానీ దాని మీద ఆశతో ముప్పై ఏళ్ల వయసులో చేతికొచ్చిన ఆఫర్ వదులుకోమని ఎవరికీ చెప్పలేను. బెంగళూరు ఆఫర్ అయితే దూరం రెట్టింపు కన్నా ఎక్కువ, ఇంటి అడ్వాన్స్ చాలాచోట్ల ఐదారు నెలల నుంచి పది నెలల దాకా అడుగుతారు, పిల్లలు కన్నడ నేర్చుకోవాలి, ఇవి అదనంగా వేసుకోండి.

మావాడు చివరికి వెళ్దామనే అనుకున్నాడు, కానీ ముందు తనొక్కడే హాస్టల్‌లో మూడు నెలలు, మరదలికి ఉద్యోగం దొరికాక పాపతో కలిసి జూన్‌లో స్కూలు తెరిచే టైంకి. పటమట ఇల్లు అప్పటిదాకా వదలడు. మొదటి ఏడాది ఇక్కడి స్థలం, ఇల్లు ఏదీ అమ్మొద్దని, అక్కడ ఫ్లాట్ కొనొద్దని గట్టిగా చెప్పా. ఏడాది దాటి ఉంటే బండికి ఇక్కడి ఆర్టీఏలో ఎన్ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం) తీసుకుని అక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి, ఓటు మార్చుకోవడానికి ఫారం 8. ఇంకోటి, రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంటే భోగికి ఇంట్లో ఉండాలంటే నవంబర్ రెండో వారంలో పొద్దున 8 గంటలకి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి, లేదంటే పండక్కి ప్రైవేటు బస్సు రేటు చూసి, విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల వరస చూసి, పిన్నికి రావట్లేదని ఫోన్ చేయాల్సి వస్తుంది.