చిప్ లేఅవుట్ గీసిన వారు దాన్ని రిజిస్టర్ చేయించుకునే విధానం

విజయనగరం, రాజాం, టెక్కలి ప్రాంతాల కళాశాలల్లో వీఎల్‌ఎస్‌ఐ (చిప్‌ల రూపకల్పన) చదువుతూ సొంతంగా చిప్ లేఅవుట్ గీసిన వారు ముందుగా పేటెంట్ ఆలోచన పక్కన పెట్టాలి. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ టోపోగ్రఫీ, అంటే చిప్‌లోని భాగాల అమరిక, ఆవిష్కరణ కిందకు రాదని పేటెంట్ల చట్టం 3వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. లేఅవుట్ల కోసం పార్లమెంటు 2000లో ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. ట్రాన్సిస్టర్లు, ఇతర భాగాలు, వాటిని కలిపే తీగలు చిప్‌లో ఏ విధంగా అమరి ఉన్నాయన్నదానికే అది రక్షణ ఇస్తుంది. చిప్ చేసే పనికి ఇవ్వదు.

దరఖాస్తు ఎవరి పేరున వెళ్లాలన్నది మొదటే తేల్చుకోవాలి. ఉద్యోగంలో భాగంగా గానీ, ఇతరులు పురమాయించగా గానీ లేఅవుట్ గీసినప్పుడు, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, రిజిస్ట్రేషన్ హక్కు యజమానికి లేదా పురమాయించిన వారికి చెందుతుంది. విద్యార్థి జీతం తీసుకునే ఉద్యోగి కాడు కాబట్టి, కళాశాల నిబంధనలనూ, ప్రాజెక్టుకు నిధులిచ్చిన పథకం షరతులనూ చదివి, బృందంలో ఎవరికెంత హక్కో పని మొదలుపెట్టకముందే కాగితం మీద పెట్టుకోవడం అత్యవసరం. స్నేహితుల మధ్య కాగితాలెందుకనుకోవడం సహజమే అయినా, ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

ఆ తరువాత చూడవలసినది లేఅవుట్ సొంత సృష్టేనా (ఒరిజినాలిటీ) అన్నది. లేఅవుట్ మీ స్వీయ మేధాశ్రమతో పుట్టినదై ఉండాలి, గీసిన నాటికి డిజైనర్లకూ తయారీదారులకూ సాధారణంగా తెలిసినదై ఉండకూడదు. చిప్‌లు తయారుచేసే ఫౌండ్రీ ముందే సిద్ధం చేసి ఇచ్చిన భాగాలు (స్టాండర్డ్ సెల్స్) మీవి కావు. అయితే తెలిసిన భాగాలతోనే చేసిన కూర్పు మొత్తంగా కొత్తదైతే చట్టం దాన్ని అంగీకరిస్తుంది. అందుకే మార్చిన ప్రతిసారీ లేఅవుట్ ఫైలును తేదీతో భద్రపరచండి. రేపు ఎవరైనా అభ్యంతరం చెబితే మీ వైపు మాట్లాడేవి ఆ ఫైళ్లే.

గడువు విషయంలో ఏమరుపాటు కూడదు. అమ్మడం, అద్దెకివ్వడమే కాక, అమ్మకానికి ప్రదర్శించడం కూడా వాణిజ్య వినియోగమే అవుతుంది. అది జరిగి రెండేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ దొరకదు. రక్షణ పదేళ్లు, ఆ పదేళ్లను దరఖాస్తు తేదీ, ప్రపంచంలో ఎక్కడైనా తొలి వాణిజ్య వినియోగం జరిగిన తేదీ, ఈ రెండింటిలో ముందున్నదాని నుంచి లెక్కిస్తారు. కనుక ఎక్స్‌పోలో స్టాల్ పెట్టి చిప్‌ను అమ్మకానికి చూపదలచిన వారు దరఖాస్తు వేశాకే ఆ పని చేయడం మేలని నా అభిప్రాయం.

దరఖాస్తును నిర్ణీత ఫారం, రుసుము, లేఅవుట్ చిత్రాలతో ఈ చట్టం కింద లేఅవుట్లను నమోదు చేసే రిజిస్ట్రీకి సమర్పించాలి. ఆమోదించిన 14 రోజుల్లో రిజిస్ట్రార్ దాన్ని ప్రకటిస్తారు. ప్రకటన తేదీ నుంచి మూడు నెలల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఈ గడువును మరో నెల వరకు పొడిగించే వీలుంది. అభ్యంతరం వస్తే, దాని ప్రతి అందిన రెండు నెలల్లో జవాబు ఇవ్వకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క.

రిజిస్టర్ కాని లేఅవుట్‌ను ఎవరు కాపీ కొట్టినా ఈ చట్టం కింద దావా వేయలేరు. రిజిస్టరైన దాన్ని కాపీ కొడితే మూడేళ్ల వరకు జైలు, లేదా 50 వేల నుంచి 10 లక్షల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బోధన, పరిశోధన, విశ్లేషణల కోసం లేఅవుట్‌ను పునరుత్పత్తి చేయడం మాత్రం ఉల్లంఘన కాదు; కాబట్టి తరగతి గదిలో ఇతరుల లేఅవుట్‌ను విప్పి చూసి నేర్చుకోవడానికి విద్యార్థులు జంకనక్కరలేదు.