పుట్టగొడుగుల గదిలో గాలి, వేడి, వెలుతురు: సమస్యలు - పరిష్కారాలు

సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హాలియా వైపు వరిగడ్డికి కొదవ లేదు. ఖాళీ గదిలోనో, రేకుల షెడ్డులోనో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచాలనుకునేవాళ్లకు అది కలిసొచ్చేదే. ఇబ్బంది అంతా ఎండతోనే. వేడికి భయపడి తలుపులు బిగిస్తాం, లోపల గాలి ఆడదు. మన దగ్గర బెడ్లు (వరిగడ్డిలో పుట్టగొడుగు విత్తనం కలిపి నింపిన సంచులు) చెడిపోవడానికి వేడి కంటే ఈ బిగింపే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

కాడలు పొడుగ్గా, గొడుగులు చిన్నగా వస్తున్నాయా?

పుట్టగొడుగులూ మనలాగే ఊపిరి తీసుకుని బొగ్గుపులుసు వాయువు వదులుతాయి. అది గదిలో పేరుకుంటే కాడ సాగుతుంది, గొడుగు విప్పుకోదు. వెలుతురు చాలకపోయినా కాడలు సాగుతాయి కాబట్టి ముందు తేడా పట్టుకోవాలి. అన్నీ కిటికీ వైపే వంగుతుంటే వెలుతురు లోపం. గది నిండా ఒకేలా సాగితే గాలి లోపం. అనుమానముంటే తలుపులు మూసి అగరుబత్తి వెలిగించండి. పొగ కదలకుండా అక్కడక్కడే తేలుతుంటే గాలి ఆడట్లేదన్నట్టే.

ఒక గోడకు కింద కిటికీ పెట్టి తడి గోనెపట్టా కట్టండి. ఎదురు గోడకు పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించండి. చల్లగాలి కింద నుంచి వస్తుంది, వేడి పైనుంచి పోతుంది. ఎండాకాలంలో ఫ్యాన్ తెల్లవారుజామున, రాత్రి ఎక్కువసేపు నడపాలి. మధ్యాహ్నం అప్పుడప్పుడు కాసేపు చాలు. కిటికీకి సన్నటి దోమతెర తప్పనిసరి, లేకపోతే ఈగలు చేరతాయి.

వెలుతురు విషయానికొస్తే పేపరు చదువుకునేంత ఉంటే సరిపోతుంది, ఎల్‌ఈడీ ట్యూబులైట్ చాలు. పెద్ద లైట్లు కొనమని ఎవరైనా చెబితే నమ్మకండి. గడ్డిలో తెల్లటి బూజు, అంటే పుట్టగొడుగు పుట్టే దారాలు, పాకే మొదటి రెండు, మూడు వారాలు అసలు చీకటిలోనే ఉంచాలి.

బెడ్డులో బూజు మధ్యలో ఆగిపోయి, పులిసిన వాసన వస్తోందా?

బూజు పాకేటప్పుడు బెడ్డు తనే వేడి పుట్టిస్తుంది. గది 30 డిగ్రీలున్నా లోపల ఇంకొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. లోపల 40 దాటితే బూజు చచ్చిపోతుంది, ఆ చోటును పచ్చబూజు ఆక్రమిస్తుంది. గోడకు తగిలించిన థర్మామీటరు చూసి నిశ్చింతగా ఉండకండి, బెడ్డులోకి గుచ్చి చూడండి. బెడ్లను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా జానెడు ఎడం ఇవ్వండి. రేకుల మీద గడ్డి లేదా తాటాకులు మందంగా పరిచి తడుపుతుంటే లోపల వేడి బాగా తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది. వానాకాలంలో దాని చల్లదనం అంతంతమాత్రమే.

పచ్చబూజు పట్టిన బెడ్డును మాత్రం బాగుచేద్దామని కూర్చోవద్దు. గదిలోంచి తీసి దూరంగా పూడ్చేయండి.

గొడుగుల అంచులు ఎండి పగులుతున్నాయా?

గాలి నేరుగా తగులుతోంది, లేదా తేమ 80 శాతం కంటే తగ్గింది. టేబుల్ ఫ్యాన్ ముఖం గోడవైపు తిప్పండి. నేల, గోడలు తడపండి.

గొడుగుల మీద జిగురుగా పసుపు, గోధుమరంగు మచ్చలా?

నీళ్లు నిలిచి బాక్టీరియా చేరింది. పైకప్పు నుంచి చుక్కలు రాలుతున్నాయేమో చూడండి. స్ప్రే చేశాక గొడుగుల మీద తడి మెరుపు పోయేదాకా ఫ్యాన్ తిరగాలి. రాత్రి పడుకునే ముందు స్ప్రే చేసి తలుపు మూసేసే అలవాటు మానుకోవాలి.

అన్నీ చేసినా గది 32 కంటే దిగట్లేదా?

అయితే ఏసీకి డబ్బు పోయకుండా ఆ నెలల్లో పాల పుట్టగొడుగులకు మారండి. వాటికి 30 నుంచి 35 డిగ్రీలే ఇష్టం. బూజు నిండాక పైన శుద్ధి చేసిన మట్టి పొర వేయాలి, వెలుతురు కాస్త ఎక్కువ ఇవ్వాలి. చలికాలంలో మహబూబ్‌నగర్ వైపు రాత్రులు చల్లబడినప్పుడు అవి మొరాయిస్తాయి, అప్పుడు మళ్లీ ముత్యపు చిప్పలు వేసుకోవచ్చు.