ఊరి బయటి ఇంటి మీద నవల రాయాలనుకుంటే

ఊరు వెలివేసిన నలుగురైదుగురు ఒకచోట చేరి ఒక ఇల్లుగా మారే కథ రాయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని మహారాష్ట్రలో మా బల్లార్షా వైపు రాసే పిల్లలు ఈమధ్య తరచూ అడుగుతున్నారు. మూడేళ్లుగా నేనూ అలాంటి నవల మీదే ఉన్నాను. మా చంద్రాపూర్ జిల్లాలో, కుష్ఠు నయమైనవాళ్లు ఉండే ఒక కాలనీలో జరిగే కథ. నాకు పనికొచ్చినవి చెప్తాను.

ముందు పిలుపుల సంగతి చూడండి. తెలుగులో వరస పెట్టి పిలవడానికి పైసా ఖర్చు లేదు. ఆటో అతను అన్న, కూరగాయలమ్మే ఆమె అక్క, క్యూలో ముందున్న ముసలాయన తాత. అందుకే మొదటి అధ్యాయంలోనే మీ పాత్రలు అక్కా, అత్తా అనుకుంటుంటే చదివేవాళ్లకు వాళ్లు ఒక కుటుంబమయ్యారని అస్సలు అనిపించదు. నేను ఒక పెద్ద కాగితం మీద గళ్లు గీసి, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు, ఆ పిలుపు ఎక్కడ మారుతుంది, మారడానికి ముందు ఏం జరిగింది అని రాసుకున్నాను. నా నవలలో స్టేషన్‌లో దొరికిన పదేళ్ల పిల్లాడు కాలనీలోని ముసలామెను మొదట ఏమనీ పిలవడు. తర్వాత అక్కడి అందరిలాగే మరాఠీలో ‘ఆజీ’ అంటాడు. ‘అవ్వా’ అనేది తొమ్మిదో అధ్యాయంలో, అదీ కోపంగా, అన్నం కంచం తోసేస్తూ. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ మాట్లాడే ఊళ్లు మనవి, రాజురా అయినా సిరోంచా అయినా అంతే. ఏ మాట ఏ భాషలో వస్తుందన్నది కూడా కథే.

తర్వాత, కథ ఏ ఏడాదిలో జరుగుతుందో తేల్చుకోండి, లేకపోతే మొత్తం తప్పుతుంది. మన దేశంలో కుష్ఠుకు రెండు మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యం 1983 నుంచి మొదలైంది. జబ్బు రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది, మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటించే శక్తి పోతుంది. కానీ చచ్చిన నరం తిరిగి రాదు. రోగం పోయిందని డాక్టర్ అంటాడు, ఊరు మాత్రం వేళ్లవైపే చూస్తుంది. మీ కథంతా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది. భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు తీసుకునే వీలు 2019 వరకు చట్టంలోనే ఉండేది, కాబట్టి 1995లో మీ పాత్ర చేతికి కోర్టు కాగితం రావచ్చు, 2022లో ఆ కారణంతో రాదు. మన జిల్లాలోనే వరోరా దగ్గర బాబా ఆమ్టే, సాధనాతాయి 1949లో మొదలుపెట్టిన ఆనంద్‌వన్ ఉంది. అక్కడ కలిసి బతికి, పెళ్లిళ్లు చేసుకుని, పని చేసుకుంటూ ముసలివాళ్లయినవాళ్లు ఎందరో ఉన్నారు. అవకాశం ఉంటే ఒకసారి వెళ్లి పనులు ఎలా జరుగుతాయో చూడండి, బాధల గురించి ప్రశ్నలు వేయకండి.

‘వేళ్లు ఊడి పడ్డాయి’ అని మాత్రం దయచేసి రాయకండి. ఊడి పడవు. స్పర్శ తెలియక కాలిన గాయాలు, తెగిన గాయాలు పట్టించుకోక ముదిరి, వేళ్లు అరిగి కురచబడతాయి. ఇది తెలిశాక నాకు నవలలో అన్నిటికంటే ముఖ్యమైన సీన్ దొరికింది. సాయంత్రం ముసలామె అరగంట సేపు పాదాలు నీళ్ల బేసిన్‌లో నానబెడుతుంది, గరుకు రాయితో మడమ రుద్దుకుంటుంది, నూనె పూస్తుంది. అరికాలు సరిగా కనిపించదు, నొప్పి తెలియదు. పిల్లాడు ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, సెల్‌ఫోన్ లైట్ వేసి, పగుళ్ల మధ్య వేలుతో వెతుకుతాడు.

‘గింత చీలింది, చెప్పలేదేందే?’

‘నాకు తెలిస్తే గద బిడ్డా.’

ఆమె తన నొప్పి అతని కళ్లతో తెలుసుకుంటోంది. ప్రేమ అన్న మాట ఎక్కడా అక్కర్లేదు. మీ కథలోనూ ఇలాంటి రోజువారీ పని ఒకటి వెతకండి, ఒకరు లేకపోతే ఇంకొకరికి జరగని పని.

వెలివేసినవాళ్లంతా మంచివాళ్లని రాస్తే నవల సగంలో ఆగిపోతుంది, నాది ఏడాది పాటు ఆగింది. వెలికి గురైనవాళ్లకూ వెలివేయడం తెలుసు. కాలనీకి ఒక హిజ్రా వచ్చి అద్దెకు గది అడిగితే, జీవితమంతా గుమ్మం బయట నిలబడ్డ ఆ ముసలామే తలుపు వేస్తుంది. గది దొరికాక ఆ హిజ్రా నెల రోజులు ఆ ఇంటి నీళ్లు తాగదు. ఈ రెండూ రాయడానికి నాకు చాలా కష్టమైంది, కానీ నవల కదిలింది అక్కడే. హిజ్రాల్లో గురువు, చేలా (శిష్యురాలు) అని ఎప్పటినుంచో ఉన్న బంధుత్వం, దాని కట్టుబాట్లు ఉన్నాయి. ఆమె మీ కుటుంబంలోకి వస్తే అక్కడ ఒక గురువును వదిలి రావచ్చు, లేదా ఇద్దరికీ జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు. ఏ దిక్కూ లేనిదని రాసేయకండి.

కాగితాలను కథలోకి రానివ్వండి. రేషన్ కార్డులో కుటుంబ పెద్దతో ‘నాతే’, అంటే వరస, ఏమిటని అడిగే గడి ఉంటుంది. ఆ పిల్లాడి పేరు ఎదురుగా ఏం రాయాలి? నా నవలలో క్లర్క్ చెడ్డవాడు కాదు, పెన్ను పట్టుకుని నిజంగానే ఎదురుచూస్తాడు. నాకు ఆ సీన్ రాయడానికి నాలుగు నెలలు పట్టింది.

చివరగా, రాసింది వాళ్లకు చదివి వినిపించండి. పాదాల సీన్ నేను కాలనీలో ఒక పెద్దామెకు చదివాను. కళ్లు మూసుకుని విని, చదవడం అయిపోయాక ఒక్కటే అడిగింది. ‘కాలు తుడిసినంక నూనె పూసినట్టు రాసినవేంది? తడి ఉండంగనే పూయాలె, లేకుంటే తడి నిలవదు.’ ఆ రాత్రే టవల్ తీసేశాను.