షూటింగ్ పోటీకి వెళ్లే ముందు

తుపాకీ ఖాళీగా ఉందని ఎవరు చెప్పినా నమ్మకండి. చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ మీరే తెరిచి చూడండి. గొట్టం మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. పక్కవాళ్లతో మాట్లాడటానికి అటు తిరిగేటప్పుడే చాలామంది దీన్ని మరిచిపోయి, తుపాకీతో సహా తిరిగేస్తారు! గురి కుదిరి, కాల్చాలని నిర్ణయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదకు పోకూడదు.

రేంజ్ (కాల్చే మైదానం) అధికారి 'స్టాప్' అంటే సగం నొక్కిన ట్రిగ్గరైనా సరే, వదిలేయాలి. కాల్చే గీతకు ముందు, టార్గెట్ వైపు మనుషులు ఉన్నంతసేపు తుపాకీని ముట్టుకోవద్దు.

కళ్లద్దాలు, చెవి రక్షణ తప్పనిసరి.

10 మీటర్ల దూరం నుంచి కాల్చే ఎయిర్ రైఫిల్ పోటీ అయితే 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్లు (చిన్న గుళ్లు) వాడతారు. పోటీ రోజున కొత్త బ్రాండ్ డబ్బా తెరవకండి, ప్రాక్టీసులో వాడినవే తీసుకెళ్లండి. ఆ పోటీ టార్గెట్ కార్డు మీద పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. అందుకే ఊపిరి బిగబట్టి పది సెకన్లు దాటినా గురి కుదరకపోతే, మొండిగా కాల్చకుండా తుపాకీ దించి మళ్లీ మొదలుపెట్టండి. టెన్షన్‌లో ఇదే కష్టం.

కాఫీ ఎక్కువ తాగితే చేతులు వణుకుతాయి.

పెల్లెట్లలో సీసం ఉంటుంది, తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.