ల్యాప్‌టాప్ మూసినా సర్వర్‌లో పని ఆగకూడదంటే ఏం చేయాలి?

రాత్రి పదకొండింటికి సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రీస్టోర్ (బ్యాకప్ నుంచి తిరిగి నింపడం) మొదలుపెట్టి పడుకుంటారు. రెండింటికి కరెంటు పోతుంది, దాంతోపాటే వైఫై. పొద్దున చూస్తే డేటాబేస్ సగంలో ఉంటుంది. "కమాండ్ చివర ఆంపర్సాండ్ (&) పెట్టాను కదండీ!" ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. దీనికి మందు టీమక్స్: మీరు వెళ్లిపోయినా మీ టెర్మినల్‌ను సర్వర్‌లోనే ఒక సెషన్‌గా బతికించి ఉంచే ప్రోగ్రామ్.

కనెక్షన్ తెగితే ఆ టెర్మినల్‌లో మొదలైన ప్రోగ్రాములకు హ్యాంగప్ అనే సిగ్నల్ వెళ్తుంది. ఫోన్ లైన్ మీద మోడెమ్‌తో లాగిన్ అయ్యే రోజుల నాటి పేరది. అవతల రిసీవర్ పెట్టేశారు, ఇక మీరూ కదలండి అని అర్థం. ఆంపర్సాండ్ పనిని వెనక నడిపి, ఇంకో కమాండ్ కొట్టుకోవడానికి మీకు ప్రాంప్ట్ తిరిగి ఇస్తుందంతే, ఈ సిగ్నల్‌ను ఆపదు.

కమాండ్ ముందు పెట్టే నోహప్ ఆపుతుంది, కాదనను. కానీ ప్రోగ్రామ్ మధ్యలో "అవునా, కాదా?" అని అడిగితే జవాబివ్వడానికి కీబోర్డు ఉండదు. టీమక్స్ లాంటిదే, 1987 నాటి స్క్రీన్ అనే ప్రోగ్రామ్ కూడా పనిచేస్తుంది. అయినా 2007లో టీమక్స్ వచ్చాక పాతదాన్ని పట్టుకుని వేలాడటం దేనికో నాకు అర్థం కాదు.

సర్వర్‌లో టీమక్స్ లేకపోతే వేయించుకోండి. ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) లోపలికి వెళ్లాక "టీమక్స్ న్యూ -ఎస్ రీస్టోర్" కొట్టండి. పేరు పెట్టకపోతే సున్నా, ఒకటి అంటూ అదే అంకెలు పెట్టుకుంటుంది. వారం తర్వాత ఏది ఏమిటో మీకే తెలియదు. పేరు తప్పనిసరి.

కింద ఆకుపచ్చ పట్టీ వస్తుంది. దాని కుడివైపు ఏ మెషీన్ పేరుందో చూడండి. మీ ల్యాప్‌టాప్ పేరుంటే టీమక్స్‌ను తప్పు చోట తెరిచినట్టే.

ఇక పని మొదలుపెట్టండి. అవుట్‌పుట్‌ను "2>&1" తగిలించి (ఎర్రర్లు కూడా కలిసి వస్తాయి), తెర మీదా ఫైల్‌లోనూ రాసే టీ కమాండ్‌తో ఫైల్‌లోకి పంపండి. టీమక్స్ మామూలుగా 2000 లైన్లే గుర్తుపెట్టుకుంటుంది, అసలు ఎర్రర్ అంతకంటే పైనే ఉంటుంది. పైథాన్ అయితే "-యు" (అవుట్‌పుట్‌ను ఆపుకోకుండా వెంటనే పంపమని) పెట్టకపోతే ఫైల్ చాలాసేపు ఖాళీగా కనిపించి అనవసరంగా టెన్షన్ పెడుతుంది.

అందరూ దెబ్బతినేది పనిని నడవనిచ్చి టీమక్స్ నుంచి బయటికి వచ్చేటప్పుడే. కంట్రోల్ పట్టుకుని బి నొక్కండి. రెండూ వదిలేయండి. చేతులు ఖాళీ అయ్యాక డి ఒక్కటే నొక్కండి. మూడూ కలిపి నొక్కకూడదు. బి పడకుండా కంట్రోల్-డి మాత్రమే పడితే ఇక ఇన్‌పుట్ లేదని ప్రోగ్రామ్‌కు చెప్పినట్టు. ఖాళీ ప్రాంప్ట్ దగ్గర పడితే షెల్లే (మీ కమాండ్‌లు చదివి నడిపే ప్రోగ్రామ్) మూసుకుపోతుంది. పనినే ఆపేసే కంట్రోల్-సి సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకో తప్పు వెంటనే కనపడదు. పని నడుస్తుండగా అలవాటుగా "ఎగ్జిట్" కొట్టి ఎంటర్ నొక్కుతారు. ఏమీ జరగదు. మర్చిపోయి విండో మూసేస్తారు. తెల్లవారుజామున పని ముగిశాక షెల్ ఆ మాటను తీరిగ్గా చదువుకుని తానూ వెళ్లిపోతుంది. మీరు వచ్చేసరికి సెషన్ ఉండదు, పని పూర్తయిందో చచ్చిందో తెలియదు. నాకు ఒకసారి ఇలాగే అయింది. లాగ్ ఫైల్ కూడా పెట్టుకోలేదు, మొత్తం మళ్లీ నడిపాను.

సరిగ్గా బయటికొస్తే "డిటాచ్డ్" అని సెషన్ పేరుతో ఒక లైన్ వస్తుంది. అది కనపడనిదే ల్యాప్‌టాప్ మూయకండి. వచ్చాక కూడా "టీమక్స్ ఎల్ఎస్" కొట్టి జాబితాలో పేరుందో లేదో చూస్తాను.

కొత్త సర్వర్ అయితే అసలు పనికి ముందు ఏమీ చేయకుండా కాసేపు ఊరికే ఉండే స్లీప్ కమాండ్‌తో ఒకసారి ఇదంతా చేసి, లాగౌట్ అయి, మళ్లీ వచ్చి చూడండి. కొన్నిచోట్ల లాగౌట్ కాగానే ఆ యూజర్ ప్రాసెస్‌లన్నీ చంపేసేలా సిస్టమ్‌డీని (సర్వర్‌లో ప్రాసెస్‌లను చూసుకునే ప్రోగ్రామ్) సెట్ చేసి ఉంచుతారు. అక్కడ టీమక్స్ కూడా పోతుంది. అడ్మిన్‌ను అడగాల్సిందే.

తిరిగి రావడానికి "టీమక్స్ అటాచ్ -టి రీస్టోర్".

టీమక్స్ లేకుండానే ఇప్పటికే మొదలుపెట్టేశారా? కంట్రోల్-జెడ్ నొక్కి పనిని కాస్త ఆపి, "బిజి" కొట్టి వెనక మళ్లీ నడవనిచ్చి, తర్వాత "డిసోన్ -హెచ్" కొట్టండి. షెల్ ఇక దానికి హ్యాంగప్ పంపదు. కానీ అవుట్‌పుట్ ఇంకా ఆ పాత టెర్మినల్‌కే పోతుంటుంది. అది మూసుకుపోయాక ప్రోగ్రామ్ ఏదైనా రాయబోతే ఎర్రర్ వచ్చి ఆగిపోవచ్చు. మొదలై పది నిమిషాలే అయితే నేను దాన్ని చంపి, టీమక్స్‌లో మొదటినుంచి నడుపుతాను.