కొరియన్ల పులిసిన క్యాబేజీ పచ్చడి కిమ్చీ కుదరట్లేదా? ఎక్కడ చెడుతోందో చూడండి

సమస్య: రెండో రోజుకే పుల్లబడింది, మూత తీస్తే పొంగింది.

కారణం మన వంటింటి వేడి. కొరియాలో చలికాలానికి సరిపడా కిమ్చీ పెట్టడాన్ని కిమ్‌జాంగ్ అంటారు. బాగా చలి మొదలయ్యే నవంబరు ప్రాంతంలో చుట్టాలు, ఇరుగుపొరుగు కలిసి కూర్చుని బుట్టలకొద్దీ క్యాబేజీకి మసాలా పట్టిస్తారు, పాతరోజుల్లో దాన్ని ఓంగీ అనే మట్టి జాడీల్లో నింపి నేలలో పాతిపెట్టేవాళ్లు, అందుకే అది గడ్డకట్టకుండా, వేడెక్కకుండా నిదానంగా పులిసేది. ఈ ఆచారాన్ని 2013లో యునెస్కో గుర్తించింది. ఆ చలి మనకు లేదు కాబట్టి ఎండాకాలంలో ఐదారు గంటలు బయట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టేయండి, సీసాలో పైన కాస్త ఖాళీ వదలండి. మరీ పులిసినదాన్ని పారేయకండి, కొరియన్లు కిమ్చీ జిగే అనే పులుసుకు పులిసిన కిమ్చీనే ఏరికోరి వాడతారు.

సమస్య: ముక్క కరకరలాడట్లేదు, చప్పగా నీళ్లోడుతోంది.

ఉప్పులో సరిగ్గా ఊరలేదు. రెండు కిలోల చైనీస్ క్యాబేజీకి 200 గ్రాముల కల్లుప్పు పట్టించి ఐదారు గంటలు ఉంచండి, మధ్యలో తిరగేస్తుండండి. గడియారం కంటే కాడే బాగా చెబుతుంది: తెల్లటి మందపు భాగాన్ని వంచితే విరగకుండా వంగాలి. అప్పుడు మూడుసార్లు కడిగి, గంటసేపు నీళ్లు ఓడ్చాలి. ఈ ఒక్క పనిలో తొందరపడితే తర్వాత ఏం చేసినా లాభం లేదు.

సమస్య: నోట్లో పెట్టుకోలేనంత కారం.

గుంటూరు కారం వేసుంటారు. గోచుగారు అనే కొరియన్ల కారప్పొడి బరకగా ఉంటుంది, ఎర్రగా కనిపించినంత కారం ఉండదు. దొరక్కపోతే బ్యాడగి మిరపకాయలు గింజలు తీసి బరకగా దంచుకోండి. అసలు కారమే లేని బేక్ కిమ్చీ కూడా ఉంది, పిల్లలకు అది చేసిపెట్టండి.

సమస్య: పైన తెల్లటి పొర.

చాలావరకు అది ఈస్ట్. ఆవకాయకు తడి తగిలితే చెడుతుంది, కిమ్చీకి మాత్రం దాని ఊటే రక్ష, ముక్కలు అందులో మునిగి ఉండాలి. పొర తీసేసి అదిమిపెట్టండి. నూగులాగా, పచ్చగానో నల్లగానో బూజు కనిపిస్తే మాత్రం మొత్తం పారేయాల్సిందే.

సమస్య: శాకాహారులం, చేపల సాస్ లేకుండా రుచి రావట్లేదు.

కొరియా బౌద్ధ ఆలయాల్లో చేపలే కాదు, వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. ఎండు పుట్టగొడుగులు నానబెట్టి మరిగించిన నీళ్లలో సోయా సాస్ కలిపి మసాలాలో వేయండి.