ఓటీఎఫ్ కత్తి సగంలో ఆగిపోతోందా? స్ప్రింగ్‌ని అనుమానించే ముందు బ్లేడు చూడండి

స్విచ్ ముందుకు తోశారు. బ్లేడు సగం దాకా వచ్చి ఆగింది, ముట్టుకుంటే లూజుగా అటూ ఇటూ ఊగుతోంది. ఓటీఎఫ్ అంటే అవుట్ ది ఫ్రంట్, బ్లేడు పిడి మూతిలోంచి నేరుగా ముందుకు దూసుకొచ్చే కత్తి. నా దగ్గరకు వచ్చే ఈ కత్తుల్లో ఎక్కువ వాటి జబ్బు ఇదే. తెచ్చినవాళ్లలో చాలామంది స్ప్రింగ్ పోయిందని అప్పటికే తేల్చేసుకుని ఉంటారు. కొందరు స్క్రూలు విప్పే బిట్లు కూడా ఆర్డర్ పెట్టేసి వస్తారు. బ్లేడుని లైటు కింద పెట్టి రెండు వైపులా ఒకసారి చూశారా అంటే మాత్రం లేదంటారు. దయచేసి ముందు అది చూడండి. డబ్బు ఖర్చు లేదు, నిమిషం పట్టదు.

ఇక్కడ చెప్పేదంతా డబుల్ యాక్షన్ కత్తుల గురించి. అంటే తెరవడానికీ మూయడానికీ ఒకే స్విచ్ ఉండేవి. మైక్రోటెక్ అల్ట్రాటెక్, బెంచ్‌మేడ్ ఇన్‌ఫిడెల్ ఈ రకమే. బటన్ నొక్కితే బయటికి వచ్చి, మళ్లీ చేత్తో వెనక్కి లాగి పెట్టాల్సిన సింగిల్ యాక్షన్ కత్తుల లెక్క వేరు.

లోపల జరిగేది కాస్త తెలిస్తే మిగతాది సులభంగా అర్థమవుతుంది. పిడి లోపల ఒక సన్నని స్ప్రింగ్ ఉంటుంది, దాని రెండు చివరలా కొక్కేల్లాంటి రెండు ముక్కలు. బ్లేడుని పట్టి ఉంచడానికి రెండు గడియలు: మూసి ఉన్నప్పుడు ఒకటి, తెరిచి ఉన్నప్పుడు ఇంకొకటి. స్విచ్ తోస్తుంటే బ్లేడు కదలదు, స్ప్రింగ్ సాగుతుంది. స్విచ్ చివరికి వచ్చాక గడియ లేస్తుంది, అప్పుడు స్ప్రింగ్ బ్లేడుని ఒక్క ఊపుతో విసురుతుంది. ఆ ఊపు ఉండేది మొదటి కొద్ది దూరమే. మిగతా దారంతా బ్లేడు ఆ విసురుకే జారుకుంటూ వెళ్లి అవతలి గడియలో పడాలి. క్యారమ్స్‌లో వేలు తగిలాక స్ట్రైకర్ తనంతట తాను వెళ్లినట్టే. బోర్డు మీద జిడ్డు ఉంటే ఎంత గట్టిగా కొట్టినా కాయిన్ దాకా చేరదు.

అందుకే ఈ కత్తిలో స్ప్రింగ్ బలం కన్నా రాపిడి లేకపోవడం ముఖ్యం. బ్లేడు దారిలో కాగితం మందం మురికి ఉన్నా చాలు, సగంలో ఆగుతుంది. ఇంకో సంగతి: మూసి ఉన్నా, తెరిచి ఉన్నా స్ప్రింగ్ సాగి ఉండదు. కాబట్టి డ్రాయర్‌లో ఏడాది పడేసి ఉంచినంత మాత్రాన స్ప్రింగ్ బలం తగ్గదు. తగ్గిందనిపిస్తే కారణం వేరే ఉంది.

బ్లేడు సగంలో ఆగి వదులుగా ఊగుతోంది

ముందు దాన్ని గడియలో పడేలా చేయండి. తెరుస్తుంటే ఆగితే, బ్లేడు రెండు చదును వైపులా వేళ్లతో పట్టుకుని, అంచుకు వేలు తగలకుండా, టక్కుమనే దాకా బయటికి లాగండి. మూస్తుంటే ఆగితే, అలాగే పట్టుకుని లోపలికి నెట్టండి. స్విచ్‌ని మాత్రం ముందుకూ వెనక్కూ బలవంతంగా కొట్టకండి. బ్లేడు గడియలో పడలేదంటే స్విచ్ ఎంత తోసినా పని చేయదు, కొక్కేలు అరిగిపోతాయి.

తర్వాత గట్టిగా పట్టుకుని మళ్లీ తెరవండి. ఇది చిన్న విషయమని కొట్టిపారేయకండి. పిడిని రెండు వేళ్లతో వదులుగా పట్టుకుంటే విసురులో కొంత పిడి వెనక్కి కదలడానికే ఖర్చయిపోతుంది. బొటనవేలు స్విచ్ చివరిదాకా తోయకుండా మధ్యలో వదిలేసినా ఇదే జరుగుతుంది.

అప్పటికీ ఆగితే పిడి మూతిలోకి చూడండి. ప్యాంటు జేబులో నూగు ఎప్పుడూ అడుగునే పేరుకుంటుంది, కత్తి మూతి కూడా కిందికే ఉంటుంది. మూతి నేలవైపు పెట్టి, కీబోర్డుల దుమ్ము ఊదే గాలి డబ్బాతో రెండు మూడు సార్లు ఊదండి. డబ్బాని నిలువుగా పట్టుకోండి, వాలిస్తే లోపలి ద్రవం వచ్చి పడుతుంది. వచ్చిన కత్తుల్లో చాలావరకు ఇక్కడితోనే బాగైపోతాయి.

పొద్దున మొదటిసారి ఆగుతుంది, తర్వాత రోజంతా బాగుంటుంది

ఇదే అసలు మాయదారి జబ్బు. దీని ఇంకో రూపం: తెరుచుకోవడం ఠక్కున తెరుచుకుంటుంది, మూసేటప్పుడే సగంలో నిలబడుతుంది. ఈ రెండింటిలో ఏది కనిపించినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ఈ కత్తితో అట్టపెట్టెల టేపు కోస్తున్నారా?

టేపు కోసిన ప్రతిసారీ దాని జిగురు సన్నని చారగా బ్లేడు చదును మీద అంటుకుంటుంది. అది పారదర్శకం, ఎదురుగా చూస్తే కనిపించదు. మూసినప్పుడు ఆ జిగురంతా బ్లేడుతో పాటు లోపలికి వెళ్తుంది. కొంత మూతి దగ్గరే గీసుకుని ఆగుతుంది, అన్నిటికన్నా మొదట మూయడమే మొరాయించేది అందుకే. మిగిలింది రాత్రంతా బ్లేడుకీ లోపలి గోడకీ మధ్య అతుక్కుని కూర్చుంటుంది. పొద్దున మొదటి విసురు ఆ అతుకు వదిలించుకోవడానికే సరిపోతుంది. ఒకసారి వదిలిందంటే ఆ రోజుకి మామూలే, అందుకని ఎవరూ పట్టించుకోరు. చలికాలంలో జిగురు గట్టిపడి ఇంకా మొండికేస్తుంది. ఎండలో కారులో ఉంచిన కత్తి చక్కగా పనిచేయడం చూసి, నూనె వేస్తే సరిపోతుందనే నమ్మకం కుదురుతుంది.

నష్టం మొదలయ్యేది ఆ నూనెతోనే. డాలస్ దగ్గర ఇండియన్ గ్రాసరీ నడిపే తమ్ముడొకడు తన కత్తి తెచ్చాడు. "అన్నా, నూనె వేస్తే రెండు రోజులు వెన్నలా నడుస్తుంది, మూడో రోజు మళ్లీ మొదటికే. స్ప్రింగ్ మార్చాలంటావా?" అన్నాడు. బ్లేడు తెరిచి ట్యూబ్‌లైట్‌కి ఏటవాలుగా పట్టుకున్నాను. వెన్ను నుంచి అంచు దాకా నత్త పాకినట్టు సన్నని మెరుపు. గోరుతో అడ్డంగా గీకితే నల్లగా, సాగుతూ, దారంలా లేచింది. జిగురు, నూనె, జేబు నూగు, కొట్టులోని బియ్యప్పిండి దుమ్ము అన్నీ కలిసిన ముద్ద అది. స్ప్రింగ్‌కి ఏమీ కాలేదు.

నూనె జిగురుని కడిగేయదు, మెత్తబరుస్తుంది. మెత్తబడ్డ జిగురు బ్లేడు వెంట ఇంకా లోపలికి, గడియలు కూర్చునే చోటికి పాకుతుంది. కొన్నాళ్లకు నూనె ఆరిపోతుంది, జిగురు అక్కడే ఉండిపోతుంది. అంతవరకు మూతి దగ్గర తుడిస్తే పోయే సమస్య అప్పుడు గడియ దాకా చేరుతుంది. అందుకే ఒకే మాట పదే పదే చెబుతాను: ముందు శుభ్రం, తర్వాతే నూనె. డబ్ల్యూడీ-40 విషయంలోనూ అంతే. అది ఆరాక మిగిల్చే పొరకు నూగు అంటుకుంటుంది.

శుభ్రం చేసే పద్ధతి చెబుతాను. జిప్పో లైటర్లలో పోసే ఫ్యూయల్, అంటే నాఫ్తా, టేపు జిగురుని బాగా కరిగిస్తుంది. అది భగ్గున అంటుకునే సరుకు. ఆరుబయట చేయండి, దగ్గర్లో పొయ్యి, సిగరెట్, హీటర్ ఏదీ ఉండకూడదు. బ్లేడు తెరిచి, గుడ్డకి కొద్దిగా తడి చేసి, వెన్ను వైపు నుంచి అంచు వైపు తుడవండి. అంచు పొడవునా గుడ్డని లాగకండి, వేలు తెగుతుంది. బ్లేడు మీద గాడి ఉంటే చెవిలో పెట్టుకునే దూది పుల్లతో ఆ గాడి కూడా తుడవాలి. జిగురు ఎక్కువగా దాక్కునేది అక్కడే.

బయట అయిపోయాక కత్తి మూసి, మూతి పైకి పెట్టి, లోపల నాలుగైదు చుక్కలు వేయండి. ఒక నిమిషం ఆగి, మూతిని మనుషులు లేని వైపు తిప్పి తెరవండి. బ్లేడుతో పాటు బూడిదరంగు చారలు బయటికి వస్తాయి. తుడవండి, మూయండి, మళ్లీ తెరవండి. గుడ్డ మీద మరక పడటం ఆగేదాకా ఇదే చేయండి. చివర్లో మూతి కిందికి పెట్టి గాలి ఊది, పూర్తిగా ఆరనివ్వండి.

నాఫ్తా వద్దనుకుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడొచ్చు, ఇంకాస్త ఓపిక కావాలి. 91 శాతం గానీ 99 శాతం గానీ తీసుకోండి. 70 శాతం సీసాలో మిగతాది ఎక్కువగా నీళ్లే, లోపల స్ప్రింగ్ తుప్పు పడుతుంది. డీ2 ఉక్కు బ్లేడు అయితే దానిమీద కూడా మచ్చలు లేస్తాయి. నెయిల్ పాలిష్ తుడిచే అసిటోన్ జోలికి పోకండి, లోపల ప్లాస్టిక్ ముక్కలుంటే పాడవుతాయి.

ఆరిన తర్వాతే నూనె. పలచటి నూనె, బ్లేడు రెండు వైపులా మూతి దగ్గర ఒక్కో చుక్క. పదిసార్లు తెరిచి మూసి, బయటికి వచ్చినదంతా తుడిచేయండి. వేలికి జిడ్డు తగులుతోందంటే ఇంకా ఎక్కువగానే ఉందని అర్థం. గ్రీజు ఎప్పుడూ వద్దు.

ఇక మీదట టేపు కోయాల్సి వస్తే మూసే ముందు బ్లేడు తుడవండి. కొట్టులో రోజుకి వందల పెట్టెలు విప్పే పని ఉంటే మూడు డాలర్ల బాక్స్ కటర్ పక్కన పెట్టుకోండి. ఆ పనికి పుట్టింది అదే.

తెరిచిన బ్లేడు ఒత్తిడి పెడితే లోపలికి జారుతోంది

ఇది వెంటనే ఆపాల్సిన సమస్య. తెరిచిన బ్లేడుని పట్టి ఉంచే గడియ పూర్తిగా కిందికి దిగడం లేదన్నమాట. పరీక్ష చేయాలంటే బ్లేడు తెరిచి, మొనని మెత్తని చెక్క ముక్కకి ఆనించి మెల్లగా నొక్కండి. ఇసుమంత కూడా వెనక్కి పోకూడదు. పోతే కారణం తొంభై పాళ్లు పైన చెప్పిన జిగురు ముద్దే, అదే పద్ధతిలో రెండు మూడు విడతలు కడగండి. కడిగాక కూడా జారితే గడియ అరిగింది, దాన్ని ఇక వాడకండి. చౌక రకాల్లో లోపలి ముక్కలు మెత్తని లోహంతో చేస్తారు, అరిగితే బాగుచేసే మార్గం లేదు.

స్విచ్ తోయలేనంత గట్టిగా ఉంది

కొత్తలో గట్టిగానే ఉంటుంది, ఉండాలి కూడా. స్ప్రింగ్‌ని సాగదీస్తున్నది మీ బొటనవేలే కదా. జేబులో పొరపాటున తెరుచుకోకుండా కాపాడేది కూడా ఆ గట్టితనమే.

ఉన్నట్టుండి గట్టిపడితే మాత్రం, ఈ మధ్య ఎవరైనా స్క్రూలు బిగించారేమో గుర్తు తెచ్చుకోండి. రెండు వైపులా పిడి రేకులు మరీ దగ్గరైతే లోపల బ్లేడు ఒత్తుకుపోతుంది. ఒక్కో స్క్రూ పావు చుట్టు వదులు చేసి చూడండి. క్లిప్పు స్క్రూ పోయిందని దొరికిన పొడవాటి స్క్రూ పెట్టినా ఇంతే, దాని కొన లోపల తగులుతుంది. స్క్రూ ఊడకుండా వేసే లాక్‌టైట్ ఎక్కువైతే లోపలికి కారి గట్టిపడుతుంది, సూది మొనంత చాలు.

బ్లేడు కాస్త ఆడుతోంది

ఆడుతుంది. జారడానికి సందు ఉండాలి, ఆ సందే చేతికి ఆటగా తెలుస్తుంది. ఆట లేకుండా బిగిస్తే సగంలో ఆగుతుంది. దీన్ని సరిచేయబోకండి.

మిగతావి

స్విచ్ ఏ పట్టూ లేకుండా ఖాళీగా జారుతుంటే స్ప్రింగ్ తెగినట్టే. ఇది అరుదు, ఇంట్లో చేసే పని కాదు. మొన వంగడం, కొక్కెం విరగడం ఇంకా అరుదు. వీటికి కత్తి కంపెనీకి పంపడమే దారి. విప్పితే వారంటీ పోతుందని చాలా కంపెనీలు ముందే చెబుతాయి. మైక్రోటెక్ పాత మోడళ్లకైతే మామూలు టార్క్స్ (నక్షత్రం ఆకారపు) బిట్ పట్టని స్క్రూలు వేసింది కూడా, విప్పొద్దని చెప్పడానికే.

వెంట తిప్పే ముందు మీ రాష్ట్రం చట్టం చూసుకోండి. టెక్సస్‌లో 2013 నుంచి ఇలా స్ప్రింగ్‌తో తెరుచుకునే ఆటోమేటిక్ కత్తులకు ఇబ్బంది లేదు. కాలిఫోర్నియాలో బ్లేడు రెండంగుళాలు, ఆపైన ఉంటే వెంట ఉంచుకోవడం నేరం. ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులో పడేసుకుని వెళ్లకండి. ఢిల్లీలో బటన్ కత్తి దొరికితే ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు.

కంపెనీకి పంపేటప్పుడు పోస్టాఫీసుకి తీసుకెళ్లకండి. మామూలు జనం ఇచ్చే ఆటోమేటిక్ కత్తులను యూఎస్‌పీఎస్ తీసుకోదు. సర్వీస్ డిపార్ట్‌మెంట్‌కి రాసి, ఏ కొరియర్‌లో ఎలా పంపాలో అడిగి, వాళ్లు చెప్పినట్టు ప్యాక్ చేయండి. బ్లేడు మూసి, స్విచ్ కదలకుండా కట్టాలి. కట్టడానికి టేపు వాడితే పిడి మీదే చుట్టండి, మూతి మీదుగా వద్దు.